శ్రీలంకలో ఏ తీరం: గాలె వైపా, ట్రింకోమలీ వైపా? ముందు నెల చూసుకోండి

శ్రీలంక వెళ్దామనుకుంటున్నామని ఎవరైనా అంటే నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఏ నెలలో? బడ్జెట్, రోజులు, హోటళ్ళు తర్వాత చూసుకోవచ్చు. ఆ ద్వీపంలో ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక తీరాన ఎండ కాస్తూనే ఉంటుంది, కానీ రెండు తీరాల్లోనూ ఒకేసారి సముద్రం ప్రశాంతంగా ఉండే రోజులు తక్కువ. నైరుతి మూల గాలె దగ్గర పిల్లలు నీళ్ళలో ఆడుకునే రోజుల్లో తూర్పున ట్రింకోమలీలో వాన పడుతుంటుంది. ట్రింకోమలీలో స్నానాలకు అనువైన నెలల్లో గాలె వైపు బీచ్‌ల్లో ఎర్రజెండా పాతి ఉంటుంది.

మన వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కదిలేది పిల్లల వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా. మన ఊళ్ళలో అమ్మే ప్యాకేజీలు మాత్రం ఏ నెలైనా ఇంచుమించు ఒకే దారిలో తిప్పుతాయి: కొలంబో, కాండీ, నువారా ఎలియా, చివర్లో నైరుతి తీరంలోని బెంటోటా బీచ్. జనవరిలో అది చక్కటి దారే. మే చివర్లో అదే బెంటోటాలో రిసార్ట్‌కి డబ్బు కట్టి, సముద్రాన్ని గది కిటికీలోంచి చూసి, పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌లో ఆడించి తిరిగొచ్చిన కుటుంబాలు నాకు చాలా తెలుసు. ఆ డబ్బుకీ ఆ సెలవులకీ తూర్పు తీరంలో చక్కటి సముద్రం దొరికేది.

అసలు శ్రీలంకే ఎందుకు

నీళ్ళ రంగు ఒక్కటే కావాలంటే మాల్దీవులకి పోటీ లేదు. కానీ రిసార్ట్ ఉన్న చిన్న దీవిలో మూడో రోజుకి పిల్లలకు విసుగు, పెద్దవాళ్ళకు కాళ్ళు కట్టేసినట్టు. బాలీ, థాయ్‌లాండ్ బాగుంటాయి, అయితే ప్రయాణం ఎక్కువ, శాకాహారులకు వెతుకులాట ఎక్కువ. చెన్నై నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర చాలు. దేశం మొత్తం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అంత చిన్న చోట యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలు 8 ఉన్నాయి. పొద్దున రెండు వేల ఏళ్ళ నాటి స్తూపం చూసి సాయంత్రానికి సముద్రంలో స్నానం చేయగలిగే దేశాలు మన దగ్గర్లో ఇంకేమున్నాయి?

పైగా ఆ చరిత్రలో మన వాటా కూడా ఉంది. నాగార్జునకొండ లోయలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేదని అక్కడ దొరికిన శాసనమే చెప్తోంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అది. లంక నుంచి వచ్చిన భిక్షువుల ప్రస్తావన అందులో ఉంది. అటు నుంచి చూస్తే, కృష్ణా లోయ సున్నపురాయి మీద చెక్కిన అమరావతి తరహా శిల్పాలు శ్రీలంకలో బయటపడ్డాయి. 1739 నుంచి 1815లో బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయేదాకా కాండీని ఏలిన రాజులు నాయక్కర్ వంశీకులు. వాళ్ళ మూలాలు దక్షిణాదిన స్థిరపడిన తెలుగు నాయక కుటుంబాల్లో ఉన్నాయి. ఇవన్నీ మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించి ఉండవు. అక్కడికి వెళ్ళి చూస్తే గానీ ఆ రాకపోకలు ఎంత మామూలు విషయమో అర్థం కాదు.

గాలి చెప్పే లెక్క

మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే ఆ గాలికి మొదట ఎదురయ్యేది బెంటోటా, హిక్కడువ, గాలె, మిరిస్సా తీరాలే. అలలు ఎత్తుగా లేస్తాయి, నీళ్ళు మసకబారతాయి. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు బలపడతాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఆ నెలల్లో అక్కడ దిగకూడదు.

అదే గాలి ద్వీపం మధ్యలో ఉన్న కొండలెక్కి వాన కురిపించేసి, పొడిగా వేడిగా తూర్పు వైపు దిగుతుంది. బట్టికలోవా ప్రాంతంలో ఆ గాలిని కచ్చాన్ అంటారు. అది నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ట్రింకోమలీ వైపు ఒడ్డున పెద్ద అలలు లేవవు. అందుకే మన కోస్తాలో రోళ్ళు పగిలే ఎండల కాలంలో, ఆ తర్వాత ఇక్కడ వానలు ముసురు పట్టే జూలై, ఆగస్టుల్లో కూడా ట్రింకోమలీ దగ్గర సముద్రం నీలంగా, నెమ్మదిగా ఉంటుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా లెక్క తిరగబడుతుంది. ఈశాన్య గాలి తూర్పు, ఉత్తర తీరాలను తడుపుతుంది, నైరుతి తీరం వెలిగిపోతుంది. సంక్రాంతికో క్రిస్మస్‌కో వెళ్ళేవాళ్ళు కళ్ళు మూసుకుని గాలె వైపు వెళ్ళొచ్చు. ఫిబ్రవరి, మార్చి ఇంకా మంచివి. క్రిస్మస్ వారంలో ఉన్న రద్దీ ఉండదు, గది అద్దెలు తగ్గుతాయి.

ఏప్రిల్ మధ్యస్థం. నైరుతి తీరంలో ఉదయాలు బాగుంటాయి, మధ్యాహ్నం ఉరుములతో వాన రావచ్చు. ఏప్రిల్ 13, 14 సింహళ, తమిళ సంవత్సరాది. ఆ రోజుల్లో దుకాణాలు, చిన్న హోటళ్ళు మూసేస్తారు. కొలంబో వాళ్ళంతా సొంతూళ్ళకు వెళ్తారు కాబట్టి రైళ్ళలో, బస్సుల్లో చోటు దొరకదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం నేను బీచ్ ప్లాన్ వద్దనే అంటాను. ద్వీపమంతా వానలు, దానికి తోడు బంగాళాఖాతం తుపాన్లు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను అక్కడ వందల మంది ప్రాణాలు తీసింది. కొండ ప్రాంతాల రోడ్లు, రైలు మార్గాలు దెబ్బతిన్నాయి. దసరా సెలవులు సెప్టెంబరు చివర్లో పడిన ఏడాది తూర్పుకి వెళ్ళొచ్చు. అక్టోబరు మధ్యలోకి జరిగితే గుళ్ళు, కోటలు చూసే ట్రిప్‌గా పెట్టుకోండి, సముద్రం దొరికితే దొరికినట్టు.

గాలె వైపు: కోట, రైలు, తిమింగలాలు

ఈ వైపు పెద్ద ఆకర్షణ గాలె కోటే. 1588లో పోర్చుగీసులు మొదలుపెట్టారు. 1640లో డచ్చివాళ్ళు లాక్కుని, ఆ తర్వాత చుట్టూ రాతి బురుజులు కట్టారు. 1796లో బ్రిటిష్ వాళ్ళ చేతికొచ్చింది. మూడు దేశాలు చేతులు మారినా ఇప్పటికీ అది బతికున్న ఊరు. లోపల కుటుంబాలున్నాయి, బడులున్నాయి, మసీదు ఉంది, 1755 నాటి డచ్ చర్చి ఉంది. ఆ చర్చిలో నేల మీద పరిచినవి సమాధి రాళ్ళు. ఆటుపోట్లతో శుభ్రమయ్యేలా డచ్చివాళ్ళు వేసిన మురుగు కాలువల గురించి అక్కడి గైడ్లు గర్వంగా చెప్తారు.

కోటను పగలు కారులో వచ్చి గంటలో చూసి వెళ్ళిపోవడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. ఒక రాత్రి లోపలే ఉండండి. పాత ఇళ్ళనే గదులుగా మార్చి అద్దెకిస్తున్నారు. సాయంత్రం ఎండ తగ్గాక గోడ మీద నడిస్తే ఒక వైపు సముద్రం, ఒక వైపు పెంకుటిళ్ళ కప్పులు, ముందు వైపు కింద క్రికెట్ స్టేడియం. 2010 జూలైలో ముత్తయ్య మురళీధరన్ తన 800వ టెస్టు వికెట్ తీసింది ఆ మైదానంలోనే. ఔటైంది హైదరాబాద్ జట్టు తరఫున ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి తీసుకెళ్ళండి, కోట చరిత్ర కూడా శ్రద్ధగా వింటారు.

గాలెలో దొరికిన ఒక రాయి గురించి చెప్పకుండా ఉండలేను. చైనా నౌకాధిపతి జెంగ్ హె 1409 నాటి తేదీతో వేయించిన శాసనం అది. చైనీస్, తమిళం, పర్షియన్ మూడు భాషల్లోనూ ఉంది. చైనీస్ భాగం బుద్ధుణ్ణి, తమిళ భాగం విష్ణువు అంశగా కొలిచే దేవుణ్ణి, పర్షియన్ భాగం అల్లాను స్తుతిస్తుంది. రాయి ఇప్పుడు కొలంబో జాతీయ మ్యూజియంలో ఉంది. కొలంబోలో ఒక పూట చేతిలో ఉంటే షాపింగ్ మాల్స్ వదిలేసి ఈ మ్యూజియానికి వెళ్ళండి.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలెకి రైలు సముద్రం పక్కనే వెళ్తుంది. గాలె వైపు వెళ్ళేటప్పుడు కుడి చేతి వైపు సీటు పట్టుకోండి, నీళ్ళు ఆ వైపే. దారిలో హిక్కడువ దగ్గర పెరలియ అనే చోట 2004 డిసెంబరు 26న సునామీ ఒక రైలునే ముంచేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ప్రపంచ రైల్వే చరిత్రలో అంత ప్రాణనష్టం ఇంకెక్కడా జరగలేదంటారు. అక్కడ స్మారకం ఉంది. అదే రోజు మన కోస్తాలోనూ మత్స్యకారుల ఇళ్ళు కొట్టుకుపోయాయి కాబట్టి ఆ చోటు మనకు పరాయిది అనిపించదు. ఆ రోజు గాలెలో బస్టాండు, స్టేడియం కొట్టుకుపోయినా డచ్చి గోడల లోపలున్న ఊరు చాలావరకు నిలిచింది.

మిరిస్సాలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తెల్లవారుజామున తిమింగలాలు చూడ్డానికి పడవలు బయల్దేరతాయి. నీలి తిమింగలాలు ఒడ్డుకి ఇంత దగ్గరగా తిరిగే చోట్లు ప్రపంచంలో తక్కువ. వాటిని తరుముతూ మీదికి తోలే పడవలు వద్దు, దూరం పాటించే వాళ్ళని వెతికి బుక్ చేసుకోండి. వాంతుల మాత్ర ముందే వేసుకోండి. వెలిగమలో అలలు మెత్తగా ఉంటాయి, సర్ఫింగ్ మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి బాగుంటుంది. కొగ్గల దగ్గర సముద్రంలో కర్రల మీద కూర్చుని గాలం వేసే జాలర్ల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది పర్యాటకుల కోసమే కూర్చుంటున్నారు, ఫొటోకి డబ్బులడుగుతారు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి.

ఉనవటున పక్కనున్న రుమస్సల కొండ ఆంజనేయుడు తెస్తున్న సంజీవని పర్వతంలోంచి రాలిన ముక్క అని అక్కడి నమ్మకం. పెద్దవాళ్ళతో వెళ్తే తప్పక ఆగాలి. పైన జపాన్ బౌద్ధులు కట్టిన తెల్లటి శాంతి స్తూపం నుంచి గాలె అఖాతం మొత్తం కనిపిస్తుంది.

లోపాలూ చెప్పాలి. సీజన్‌లో ఈ తీరం చాలా రద్దీ. చాలా బీచ్‌ల వెనకే గాలె రోడ్డు, బస్సుల హారన్లు. ధరలు కూడా విదేశీ పర్యాటకుల్ని చూసి పెట్టినవే.

ట్రింకోమలీ వైపు: కోనేశ్వరం, నిలావెలి, వెనకున్న ప్రాచీన రాజధానులు

అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొదటి పేరు లంకలోని శాంకరీ దేవిది. అలంపురం జోగులాంబను, శ్రీశైలం భ్రమరాంబను, పిఠాపురం పురుహూతికను, ద్రాక్షారామం మాణిక్యాంబను దర్శించుకుని, ఈ మొదటిది మాత్రం వీలు కాదనుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతోమంది. ఆ పీఠం ట్రింకోమలీలో కోనేశ్వరం గుడి ఉన్న కొండ మీదే ఉండేదని సంప్రదాయం. నాకు తెలిసి వేసవి సెలవుల్లో అమ్మానాన్నల్నీ పిల్లల్నీ కలిపి తీసుకెళ్ళేవాళ్ళకి తూర్పు తీరాన్ని ఎంచుకోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

గుడి కథ వింటే మనసు కలుక్కుమంటుంది. 7వ శతాబ్దంలోనే తమిళ శైవ నాయనారు తిరుజ్ఞాన సంబంధర్ ఈ స్వామిని కీర్తించాడు. 1620ల్లో పోర్చుగీసులు గుడిని పడగొట్టి, ఆ రాళ్ళతోనే కోట కట్టారు. ఇప్పుడు ఫోర్ట్ ఫ్రెడరిక్ అనే ఆ కోట లోపలి నుంచే గుడికి దారి. 1950లో బావి తవ్వుతుంటే పూర్వీకులు పాతిపెట్టిన లోహ విగ్రహాలు బయటపడ్డాయి. 1956లో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్, ఆయన మిత్రుడు మైక్ విల్సన్ కొండ కింద సముద్రంలో దిగి పాత గుడి శిథిలాలు చూశారు. 1963లో కొత్త గుడికి కుంభాభిషేకం జరిగింది. కొండ అంచున నిలబడితే రాయి నిలువునా నీళ్ళలోకి దిగి ఉంటుంది. అక్కడి చీలికను రావణుడు కత్తితో నరికిన చోటని చూపిస్తారు. సాయంకాలం పూజ వేళకి వెళ్ళండి. కోటలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. పెద్దవాళ్ళు ఎక్కలేకపోతే ఆటోలో పైదాకా వెళ్ళొచ్చు.

ఊరికి అందం, ప్రాణం అక్కడి సహజ నౌకాశ్రయం. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు దాని మీద బాంబులేశాయి. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, అదే దాడుల్లో విశాఖపట్నం, కాకినాడల మీద కూడా పడ్డాయి. నిలావెలి రోడ్డులో ఆ యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానవాటిక ఉంది, పచ్చగా, ఎంతో శుభ్రంగా ఉంచారు.

ఇక సముద్రం. ఊరికి ఉత్తరాన ఉప్పువెలి, ఇంకాస్త పైన నిలావెలి. మే నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఇసుక వాలు మెల్లగా దిగుతుంది, ఈత రానివాళ్ళు నడుము లోతులో నిలబడి గంటల తరబడి ఉండొచ్చు. మన కుటుంబాల్లో ఈత వచ్చినవాళ్ళు తక్కువ, నీళ్ళ సరదా మాత్రం అందరికీ ఉంటుంది. అందుకే ఈ తేడాని నేను చాలా పెద్ద తేడాగా చూస్తాను. చిన్నపిల్లలుంటే ఇంకా దక్షిణాన, బట్టికలోవాకు 35 కి.మీ. ఉత్తరాన ఉన్న పాసికుడా మరీ మంచిది. పగడపు దిబ్బ అడ్డు ఉండటం వల్ల చాలా దూరం నడిచి వెళ్ళినా నీళ్ళు లోతు పెరగవు.

నిలావెలి నుంచి పడవలో పది, పదిహేను నిమిషాల్లో పావురాల దీవి. 2003 నుంచి అది జాతీయ ఉద్యానవనం. లైఫ్ జాకెట్ వేసుకుని, అద్దాలు పెట్టుకుని మొహం నీళ్ళలో ముంచితే చాలు, రంగురంగుల చేపలు. రెక్క కొసన నలుపున్న చిన్న షార్క్‌లు కూడా తిరుగుతుంటాయి, మామూలుగా మనుషుల జోలికి రావు. పార్కు టికెట్ విదేశీయులకు ఎక్కువే, పడవ డబ్బు విడిగా. పొద్దున్నే, వారం మధ్యలో వెళ్ళండి. పగడాల మీద కాలు పెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి. అవి రాళ్ళలా కనిపించే ప్రాణులు, తొక్కితే చచ్చిపోతాయి, మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. శని, ఆదివారాల్లో ఆ దీవి మీద జనాన్ని చూస్తే నాకు బాధేస్తుంది.

మే నుంచి జూలై వరకు ట్రింకోమలీ నుంచి కూడా తిమింగలాల పడవలున్నాయి. మిరిస్సా అంత ఖాయంగా కనిపిస్తాయని చెప్పలేం. కన్నియ వేడినీటి బావులు ఏడూ అరగంటలో చూసేయొచ్చు.

తూర్పు తీరం అసలు లాభం దాని వెనకున్న పొడి నేలలో ఉంది. శ్రీలంక ప్రాచీన రాజధానులన్నీ ఇటువైపే. ట్రింకోమలీ నుంచి సిగిరియ రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 5వ శతాబ్దంలో తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి రాజైన కశ్యపుడు, తమ్ముడు మొగ్గల్లానుడు తిరిగొస్తాడన్న భయంతో ఆ నిలువు బండ మీద రాజభవనం కట్టుకున్నాడు. సుమారు 1,200 మెట్లు. గేటు తెరిచే వేళకే మొదలుపెట్టాలి, పది దాటితే బండ కాలిపోతుంది. మధ్యలో గుహ గోడ మీద అప్సరసల చిత్రాలు, వాటికి ఫొటోలు తీయనివ్వరు. ఆ కిందున్న నున్నటి గోడ మీద వెయ్యేళ్ళ కిందటి యాత్రికులు ఆ బొమ్మల్ని చూసి గీసిన పద్యాలున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కింద ఉద్యానవనాల్లో కూర్చోబెట్టండి, అవి కూడా చూడదగ్గవే.

పొలొన్నరువ నాకు సిగిరియ కంటే ఎక్కువ ఇష్టం. 11వ శతాబ్దంలో చోళుల రాజధాని, 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజధాని. గల్ విహారంలో ఒకే రాతి చరియలో చెక్కిన బుద్ధులు, పడుకున్న బుద్ధుడు ఒక్కటే 14 మీటర్లు. ఆకాశం నుంచి పడిన ఒక్క చుక్క నీరూ జనానికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదని అనుకున్న రాజు తవ్వించిన పరాక్రమ సముద్రం అనే పెద్ద చెరువు ఊరి పక్కనే ఉంది. రామప్ప, పాకాల చెరువుల గట్టు మీద నిలబడ్డవాళ్ళకి ఆ కట్ట మీద నిలబడితే సొంత ఊరి గాలి తగిలినట్టే ఉంటుంది. అనురాధపురంలో క్రీ.పూ. 3వ శతాబ్దంలో నాటిన బోధివృక్షం, ఒకప్పుడు 122 మీటర్ల ఎత్తున్న జేతవన స్తూపం ఉన్నాయి. అక్కడికి ఒక రోజు పూర్తిగా కావాలి, లేదంటే వదిలేయండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మిన్నేరియ చెరువు ఎండి గడ్డి మొలిచే చోట వందల ఏనుగులు చేరతాయి. హబరణ నుంచి ట్రింకోమలీ దారిలో చీకటి పడ్డాక ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. ఆ దారిలో ప్రయాణం పగటిపూటే పెట్టుకోండి.

తూర్పు తీరం లోపం దూరం. కొలంబో విమానాశ్రయం నుంచి ట్రింకోమలీకి రోడ్డు మీద అయిదారు గంటలు. హోటళ్ళు తక్కువ, రాత్రి సందడి దాదాపు లేదు, మే నెల ఎండ మన ఎండే. ఇంకో మాట. 2009లో ముగిసిన అంతర్యుద్ధం ఈ ప్రాంతం మీదుగానే నడిచింది. కోటలో ఇప్పటికీ సైన్యం ఉంది, సైనికుల్ని, శిబిరాల్ని ఫొటోలు తీయకూడదు. ఇక్కడి తమిళ కుటుంబాల్లో మనుషుల్ని పోగొట్టుకోని ఇల్లు తక్కువ. గైడ్‌నో ఆటో డ్రైవర్‌నో ఆ రోజుల గురించి మనంతట మనం గుచ్చి గుచ్చి అడగొద్దు. వాళ్ళే చెప్తే వినండి.

ఎవరికి ఏది

కొత్తగా పెళ్ళయినవాళ్ళు, స్నేహితుల బ్యాచ్, కేఫ్‌లు, సర్ఫింగ్, సాయంత్రపు హడావుడి కావాలనుకునేవాళ్ళు డిసెంబరు, మార్చి మధ్య వీలు చూసుకుని గాలె వైపు వెళ్ళండి. మూడు తరాలు కలిసి వెళ్ళే కుటుంబం, గుళ్ళు, ప్రాచీన చరిత్ర, పిల్లలకు భద్రమైన నీళ్ళు కావాలంటే మే నుంచి సెప్టెంబరు మధ్య ట్రింకోమలీ. నాలుగైదు వందల ఏళ్ళ వలస పాలన కాలపు చరిత్ర గాలె వైపు, రెండు వేల ఏళ్ళ బౌద్ధ, శైవ చరిత్ర తూర్పు వైపు. మీకు నచ్చిన చరిత్ర ఒక వైపు, ఆ నెలలో ప్రశాంతమైన సముద్రం ఇంకో వైపు ఉంటే నేనైతే చరిత్రని వదులుకుంటాను గానీ సముద్రంలో రిస్క్ తీసుకోను.

శాకాహారులకు తూర్పే సులువు. ట్రింకోమలీలో తమిళ శైవ భోజన హోటళ్ళు ఉంటాయి, దోసె, ఇడియప్పం, సాంబారుకి లోటుండదు. సింహళ వంటల్లో చిక్కు ఏమిటంటే సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, కూరల్లో కూడా ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. చూడ్డానికి అచ్చం కూరగాయల వంటకంలాగే ఉంటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "ఉంబలకడ ఎపా" అనండి, వద్దని అర్థమవుతుంది. మాంసాహారులకు గాలె వైపు పీతలు, చేపల పులుసులు పండగే. ఎటు వెళ్ళినా మట్టి ముంతలో గేదె పెరుగు మీద కితుల్ (జీలుగు) పాకం పోసుకుని తినండి. కారం మనకు సరిపోతుంది, బియ్యం ఎర్రగా ఉంటాయి.

డబ్బు సంగతి. మన రూపాయికి మూడు శ్రీలంక రూపాయల పైనే వస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని చోట్ల యూపీఐ పనిచేస్తోంది, అయినా చేతిలో నగదు ఉంచుకోండి. సిగిరియ, పొలొన్నరువ టికెట్లలో సార్క్ దేశాల వాళ్ళకి తగ్గింపు ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించాలి. ఈటీఏ అనే ప్రయాణ అనుమతి నిబంధనలు తరచూ మారుతున్నాయి. శ్రీలంక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసి తీసుకోండి, మధ్యలో ఫీజు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. ప్రతి పౌర్ణమికీ సెలవు, ఆ రోజు మద్యం అమ్మరు. మేలో వచ్చే వేసక్ పౌర్ణమికి (మన బుద్ధ పౌర్ణమి) ఊరంతా కాగితపు లాంతర్లు, దారి పొడవునా ఉచిత భోజన పందిళ్ళు. ఆ తేదీ కలిసొస్తే సిగిరియ, అనురాధపురం దగ్గర గదులు ముందే పట్టుకోండి. గుళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. ఇది వాళ్ళు చాలా గట్టిగా పట్టించుకునే విషయం.

వేసవిలో వెళ్తే ఈ దారి

మే, జూన్‌లో ఆరు రాత్రులుంటే కొలంబో ఊళ్ళోకి వెళ్ళనే వద్దు. విమానాశ్రయం నుంచి నేరుగా దంబుల్ల, సిగిరియ వైపు నాలుగు గంటల ప్రయాణం. అక్కడ రెండు రాత్రులు: ఒక పొద్దున సిగిరియ, ఒక పూట దంబుల్ల గుహలు, వీలైతే పొలొన్నరువ. తర్వాత మూడు రాత్రులు నిలావెలి లేదా ఉప్పువెలి, అందులో ఒక సాయంత్రం కోనేశ్వరం. చివరి రాత్రి విమానాశ్రయం దగ్గర నెగొంబోలో, పొద్దున్నే విమానం ఉంటే టెన్షన్ ఉండదు. నువారా ఎలియా, ఎల్ల ఇందులో ఇరికించొద్దు. కొండ రోడ్ల మీద రోజంతా కారులో కూర్చున్న పిల్లలకు సముద్రం చేరేసరికి ఓపిక ఉండదు.

ఇప్పటికే జూన్‌కి బెంటోటా ప్యాకేజీ కట్టేసినవాళ్ళు కంగారుపడొద్దు. బీచ్ రిసార్ట్‌లో ఉన్న రాత్రుల్లో ఒకటి గాలె కోట లోపలికి, మిగిలినవి నిలావెలికి మార్చమని ఏజెన్సీని అడగండి. జూన్ బెంటోటాలో ఆఫ్ సీజన్ కాబట్టి చాలా హోటళ్ళు ముందుగా చెప్తే రద్దుకు ఒప్పుకుంటాయి. కారు, డ్రైవర్ ఎలాగూ మీతోనే ఉంటారు, దూరానికి అదనపు కిలోమీటర్ల డబ్బు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ఆగస్టులో వెళ్ళేవాళ్ళు మాత్రం నిలావెలి గదులు రెండు మూడు నెలల ముందే తీసుకోవాలి. యూరప్ సెలవులు, స్థానికుల సెలవులు రెండూ అప్పుడే పడతాయి.